దీపస్తంభములకు వెలుగు నిచ్చిన ఫ్రెనెల్

నడిసముద్రములో గాలివానకు చిక్కిన ఓడకంటె తీరము సమీపించుచున్న ఓడకే అపాయము హెచ్చు. లోతైన నీటిలో అలలు ఎంత ఎత్తుగా లేచినను ఓడ తేలుచుండును. తీరము చెంతనో, నీటి అడుగున దాగియున్న రాతిబండలును, ఇసుకమేటలును కంటికి కనిపింపవు. చీకటి రాత్రి ఓడ వాటిపై ఎక్కినచో, ఒడ్డున నున్న ఇండ్ల దీపములు కనుచూపు మేరలోనే యున్నను అందలి జనులు ప్రాణములు కోల్పోవుదురు. ఈ అపాయమును తప్పించుటకే మానవుడు ప్రాచీనకాలమునుండి సముద్రతీరములందు దీపస్తంభములను నిర్మించుచు వచ్చెను.

కాని స్తంభమును నిర్మించుట ఒక పని. దాని శిఖరమునందలి వెలుగును దూరమునకు పంపుట మరియొక పని. వందల సంవత్సరములపాటు ఆ శిఖరములందు కట్టెలను, బొగ్గులను మండించిరి. వర్షము కురిసినచో ఆ మంట అణగిపోవుచుండెను. పొగ కమ్మినచో కనుమరుగగుచుండెను. 18వ శతాబ్దమున నూనెదీపములును, వాటి వెనుక మెరుగుపెట్టిన లోహపు దర్పణములును వచ్చినవి. ఆ దర్పణములు తమపై పడిన కాంతిలో సుమారు సగము భాగమును తామే మ్రింగివేయుచుండెను. వెలుగు ఉన్నను అది చేరవలసిన చోటికి చేరకుండెను. ఈ లోటును తీర్చినవాడు అగస్టిన్ ఫ్రెనెల్ అను ఫ్రెంచి ఇంజనీరు. అతడు జీవించినది 39 సంవత్సరములు మాత్రమే.

ఫ్రెనెల్ 1788వ సంవత్సరము మే నెల 10వ తేదీన ఫ్రాన్సు దేశమున నార్మండీ ప్రాంతములోని బ్రోగ్లీ అను ఊరిలో జన్మించెను. తండ్రి భవన నిర్మాణములు చేయించు శిల్పి. ఫ్రెనెల్ పుట్టిన మరుసటి సంవత్సరమే ఫ్రెంచి విప్లవము చెలరేగెను. దేశమంతయు అల్లకల్లోలముగా నుండుటచే ఆ కుటుంబము కొంతకాలమునకు కాన్ పట్టణము సమీపముననున్న మాత్యూ అను గ్రామమునకు చేరి, అచ్చట స్థిరపడెను. దైవభక్తియు, క్రమశిక్షణయు గల తల్లియే తన నలుగురు కుమారులకు మొదటి గురువు.

బాల్యమున ఫ్రెనెల్ చురుకైన విద్యార్థిగా కనిపింపలేదు. శరీరము బలహీనము. భాషలను నేర్చుకొనుట, మాటలను కంఠస్థము చేయుట అతనికి మిక్కిలి కష్టముగా నుండెను. ఎనిమిదవ యేట కూడ అతడు సరిగా చదువలేకుండెనట. పెద్దలకు అతడు మందబుద్ధిగా తోచెను. తోడి బాలురు మాత్రము అతనిని మరియొక దృష్టితో చూచిరి. ఆటతుపాకి ఎంత పొడవున్నచో గుండు ఎక్కువ దూరము పోవును, ఏ చెట్టుకొమ్మతో విల్లు చేసినచో బాణము వేగముగా పోవును అను విషయములను అతడు ఓపికతో పరీక్షించి తెలిసికొనెను. అతడు చేసి యిచ్చిన విండ్లు ఆటవస్తువులుగా గాక నిజమైన ఆయుధములుగా పరిణమించినవి. తల్లిదండ్రులందరు సమావేశమై వాటిని వాడరాదని నిషేధింపవలసి వచ్చెను. నాటి బాలురు అతనిని మహాప్రజ్ఞావంతుడని పిలుచుచుండిరి. పెద్దలు కనిపెట్టలేని దానిని పిల్లలు కనిపెట్టిరి.

13వ యేట అతడు కాన్ పట్టణమున ఉన్నత పాఠశాలలో చేరెను. అచ్చట గణితశాస్త్రమున అతని ప్రతిభ బయటపడెను. 1804లో, పదునారేండ్ల వయస్సున, పారిస్ నగరమునందలి ఎకోల్ పాలిటెక్నిక్ అను ప్రసిద్ధ విద్యాలయమున ప్రవేశము లభించెను. పిమ్మట వంతెనలు, రహదారులు నిర్మించు విద్యను అభ్యసించి ప్రభుత్వ ఇంజనీరు అయ్యెను. కొన్ని సంవత్సరములు పల్లెప్రాంతములందు రహదారులు వేయించెను. కూలీలపై అధికారము చెలాయించుట, లెక్కలు తనిఖీ చేయుట, తప్పుచేసినవారిని మందలించుట అతని స్వభావమునకు సరిపడలేదు. అయినను అప్పగించిన పనిని అశ్రద్ధ చేయలేదు. పని ముగిసిన పిమ్మట మిగిలిన కొద్దిపాటి సమయమును శాస్త్రవిచారమున గడుపుచుండెను. క్రమముగా అతని మనస్సు కాంతి అను విషయముపై నిలిచెను.

కాంతి యనగా నేమి? అది అతిసూక్ష్మమైన కణముల ప్రవాహమని న్యూటన్ మహాశయుని అనుయాయులు నమ్ముచుండిరి. నీటిపై అలలు వ్యాపించినట్లు కాంతియు తరంగరూపమున వ్యాపించునని హైగెన్స్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు అంతకుముందే ప్రతిపాదించియుండెను. ఇంగ్లండులో థామస్ యంగ్ ఆ మతమును సమర్థించెను గాని పండితులలో పెక్కుమంది దానిని అంగీకరింపలేదు. గ్రంథములు, పరికరములు, పండితుల సహవాసము లేని మారుమూల ప్రదేశమునుండి ఫ్రెనెల్ ఈ వివాదమున ప్రవేశించెను.

1815వ సంవత్సరమున ఎల్బా ద్వీపమునుండి తప్పించుకొని వచ్చిన నెపోలియన్ మరల అధికారమును చేజిక్కించుకొనెను. ఫ్రెనెల్ రాజపక్షమువాడు. తన ఆరోగ్యమును లెక్కింపక నెపోలియన్‌ను ఎదిరించు సైన్యమున చేరబోయెను. ఫలితముగా ఉద్యోగము పోయెను. పోలీసుల నిఘా ఏర్పడెను. అతడు మాత్యూ గ్రామమునకు, తల్లి యింటికి చేరెను. ఇతరులైనచో నిరాశతో కాలము పుచ్చియుందురు. ఫ్రెనెల్‌కు ఆ నిర్బంధమే వరమయ్యెను.

ప్రయోగములు చేయుటకు అతనియొద్ద పరికరములు లేవు. కొనుటకు ధనము లేదు. సూర్యకాంతిని ఒక సన్నని బిందువుగా చేయుటకు మంచి కటకము కావలెను. అతడు ఒక రాగిరేకునకు చిన్న రంధ్రము చేసి, అందు ఒక తేనెబొట్టు ఉంచెను. ఆ గుండ్రని తేనెబొట్టే కటకముగా పనిచేసెను. అతి స్వల్పమైన దూరములను కొలుచుటకు సూక్ష్మమాపకము కావలెను. గ్రామమున తాళములు చేయు కమ్మరిచేత దాని భాగములను చేయించుకొనెను. ఈ పరికరములతోనే ఒక సన్నని తీగె నీడను పరిశీలించెను. ఆ నీడ అంచులయందును, లోపలను వెలుగుచారలును, చీకటిచారలును వరుసగా కనిపించెను. తీగెకు ఒక ప్రక్కనుండి వచ్చు కాంతిని కాగితముతో అడ్డగింపగా నీడలోపలి చారలు మాయమయ్యెను. రెండు ప్రక్కలనుండి వచ్చిన కాంతి ఒకదానితో నొకటి కలియుటచేతనే ఆ చారలు ఏర్పడుచున్నవని అతడు గ్రహించెను. రెండు అలలు కలిసినచోట నీరు హెచ్చుగా లేచుటయు, ఒక్కొక్కచోట పూర్తిగా అణగుటయు ఎట్లో, కాంతియు అట్లే యని నిశ్చయించెను.

నెపోలియన్ పతనానంతరము ఫ్రెనెల్‌కు ఉద్యోగము తిరిగి లభించెను. చిత్రకారుడైన మేనమామ అతనికి అరాగో అను యువశాస్త్రజ్ఞునితో పరిచయము కలిగించెను. అరాగో అతని ప్రతిభను గుర్తించి, జీవితాంతము మిత్రుడై నిలిచెను.

కాంతి నీడల అంచులయందు వంగు తీరును వివరించినవారికి బహుమానము నిత్తుమని ఫ్రెంచి శాస్త్రపరిషత్తు ప్రకటించెను. ఫ్రెనెల్ తన సిద్ధాంతమును గణితముతో సహా వ్రాసి పంపెను. పరీక్షకులలో నొకడైన పాయిసన్ కణసిద్ధాంతమును నమ్మినవాడు. అతడు ఫ్రెనెల్ గణితమునుండి ఒక వింత ఫలితమును తీసెను. ఆ గణితము సత్యమే యైనచో, ఒక గుండ్రని బిళ్ళ నీడకు సరిగా నడుమ ఒక వెలుగుచుక్క ఉండవలెను. ఇది అసంభవమని పాయిసన్ తలచెను. అరాగో ప్రయోగము చేసి చూడగా నీడ నడుమ వెలుగుచుక్క నిజముగానే ప్రకాశించెను! ఆక్షేపణగా చూపినదే నిదర్శనమాయెను. 1819లో బహుమానము ఫ్రెనెల్‌కు లభించెను.

ఆ సంవత్సరముననే ఫ్రెనెల్ జీవితము కొత్త మార్గమున మళ్ళెను. ఫ్రాన్సు దేశపు దీపస్తంభములను బాగుచేయుటకు ప్రభుత్వము నియమించిన సంఘమున అరాగో సభ్యుడు. తనకు సహాయముగా ఫ్రెనెల్‌ను నియమింపుమని అతడు కోరగా, 1819 జూన్ మాసమున ఆ నియామకము జరిగెను. మహాసిద్ధాంతమును స్థాపించినవాడు నూనెదీపములను, వత్తులను పరీక్షించు పనిని చులకనగా చూడలేదు. ఒక్కొక్క ఓడలోను ఎన్నో కుటుంబముల ఆశలున్నవని అతడెరుగును.

కొద్ది మాసములలోనే అతడు కొత్త పద్ధతిని ప్రతిపాదించెను. దర్పణములు కాంతిని మ్రింగుచున్నవి గనుక, దీపము ముందు గాజు కటకమును ఉంచవలెనని అతని యోచన. నడుమ ఉబ్బెత్తుగా నుండు కుంభాకార కటకము నలుదిక్కులకు చెదరిపోవు కిరణములను వంచి ఒకే దిక్కునకు పంపగలదు. కాని దీపస్తంభమునకు తగినంత పెద్ద కటకమును చేసినచో అది మిక్కిలి మందముగా నుండును. మందమైన గాజు వెలుగును తగ్గించును; పోతపోయునప్పుడు లోపల బుడగలు, చారలు ఏర్పడును; చల్లారునప్పుడు పగులును; దాని బరువును మోయుటయు కష్టమే. ఫ్రెనెల్ ఇట్లు తర్కించెను. కాంతిని వంచునది కటకపు వంపుతలమే గాని లోపలి గాజు కాదు. కావున ఆ అనవసరమైన గాజును తీసివేసి, వంపుతలమును వలయములుగా విభజించి, నడుమ చిన్న కటకమును, దాని చుట్టు ఒకదాని తరువాత నొకటిగా పట్టకముల వంటి గాజువలయములను మెట్లవలె అమర్చినచో, పలుచని కటకమే పెద్ద కటకపు పని చేయును.

ఈ ప్రతిపాదన విన్న సభ్యులలో నొకరు, ఇటువంటి ఆలోచనను 18వ శతాబ్దముననే బఫన్ అను పండితుడు చెప్పియుండెనని జ్ఞాపకము చేసిరి. ఆ సంగతి తెలియని ఫ్రెనెల్ కొంత సిగ్గుపడి, బఫన్ గ్రంథమును వెదకి చదివెను. బఫన్ సూర్యకిరణములతో వస్తువులను కాల్చుటకై, ఒకే గాజుదిమ్మనుండి మెట్లకటకమును చెక్కవలెనని తలచియుండెను. అట్టి దిమ్మను దోషము లేకుండ చేయుట మిక్కిలి కష్టము. ఫ్రెనెల్ ప్రత్యేకమైన ముక్కలను కూర్పదలచెను. అంతేగాక, ప్రతి వలయమునకు దానికి తగిన వంపును వేరువేరుగా లెక్కకట్టెను. అందుచేత అన్ని వలయములనుండి వచ్చు కిరణములును సమాంతరముగా ఒకే దిక్కునకు సాగును.

లెక్క కాగితముపై సరిపోయెను. దానిని గాజులో నిలుపు పనివాడు కావలెను. పారిస్ నగరమున ఫ్రాన్స్వా సొలేయ్ అను కటకముల పనివాడు ఆ భారమును వహించెను. గుండ్రని వలయములను అరగదీయుటకు అతనియొద్ద తగిన యంత్రములు లేవు. కాబట్టి మొదటి కటకమును చిన్నచిన్న ముక్కలతో, పలుకోణముల ఆకారమున కూర్చెను. 1820 మార్చినాటికి సిద్ధమైన ఆ కటకము 55 సెంటీమీటర్ల చదరము. అందు 97 గాజుముక్కలుండెను. ప్రతి ముక్కను లెక్క ప్రకారము అరగదీసి, మెరుగుపెట్టి, స్థానము తప్పకుండ అతికింపవలెను. ఒక్క ముక్క కొంచెము ప్రక్కకు తిరిగినను దాని కాంతి సముద్రముపైకి పోక ఆకాశమునకో, నేలకో పోవును. శాస్త్రజ్ఞుని లెక్కకును, పనివాని చేతికిని సమానమైన బాధ్యత ఉండెను.

సంఘము సంతోషించి, ఇంకను పెద్ద కటకములతో ఎనిమిది ముఖముల యంత్రమును చేయింపుమని కోరెను. ధనము చాలకున్నను ఆ పనియు పూర్తియయ్యెను. 1821 ఏప్రిల్ 13వ తేదీ రాత్రి పారిస్ నగరమున బహిరంగ పరీక్ష జరిగెను. నాటి శ్రేష్ఠమైన దర్పణములను ఒకప్రక్కను, ఫ్రెనెల్ కటకమును మరియొకప్రక్కను నిలిపిరి. కటకపు వెలుగు ముందు దర్పణముల వెలుగు వెలవెలబోయెను. దీపమును గూడ ఫ్రెనెల్, అరాగో కలిసి బాగుచేసిరి. ఒకదాని చుట్టు ఒకటిగా నాలుగు వత్తులుంచి, యంత్రముచేత నూనెను ఎడతెగక పైకి పంపు ఏర్పాటు చేసిరి.

ఇక నిజమైన దీపస్తంభమునకు తగిన యంత్రమును నిర్మింపవలసియుండెను. ఈ పర్యాయము సెయింట్ గోబేన్ గాజు కర్మాగారమువారు వలయపు భాగములను సిద్ధము చేసిరి. ఎనిమిది పెద్ద కటకములు దీపము చుట్టు తిరుగుచు ఎనిమిది కాంతికిరణములను వెదజల్లును. పైకి పోవు కాంతిని పట్టుటకు మరికొన్ని కటకములును, ఏటవాలు దర్పణములును అమర్చిరి. క్రిందికి పోవు కాంతిని పట్టుటకు 128 చిన్న దర్పణములను నాలుగు వరుసలుగా పేర్చిరి. 1822 ఆగస్టు 20వ తేదీన, ఇంకను పూర్తికాని పారిస్ విజయతోరణముపై ఆ యంత్రమును నిలిపి వెలిగించిరి. 32 కిలోమీటర్ల దూరమునుండి సంఘసభ్యులును, రాజైన పదునెనిమిదవ లూయీయు ఆ వెలుగును చూచిరి.

గిరోండ్ నది సముద్రమున కలియుచోట కోర్డువాన్ అను పురాతనమైన దీపస్తంభము కలదు. రాతిబండలతోను, ఇసుకమేటలతోను నిండిన ఆ ప్రదేశము నావికులకు భయంకరమైనది. నడినీటిలో 1611లో పూర్తియైన ఆ స్తంభమునే ఫ్రెనెల్ తన యంత్రమునకు స్థానముగా ఎన్నుకొనెను. యంత్రము బోర్డో పట్టణమునకు చేరి, చలికాలమంతయు అచ్చట భద్రపరచబడెను. పిమ్మట ఫ్రెనెల్ స్వయముగా వెళ్ళి, స్తంభ శిఖరమున దానిని తన కన్నుల ఎదుటనే బిగింపించెను. 1823 జూలై 25వ తేదీ రాత్రి కోర్డువాన్ దీపము వెలిగెను. ప్రపంచమున మెట్లకటకముతో వెలిగిన మొదటి దీపస్తంభ మదియే.

ఆ విజయమునకు ఫ్రెనెల్ చెల్లించిన మూల్యము గొప్పది. కొద్దికాలమునకే దగ్గుతో రక్తము పడసాగెను. అది క్షయరోగమని తేలెను. ఆ సంవత్సరమే శాస్త్రపరిషత్తు అతనిని ఏకగ్రీవముగా సభ్యునిగా ఎన్నుకొనియుండెను. 1824లో అతడు దీపస్తంభ సంఘమునకు కార్యదర్శి అయ్యెను. ఎకోల్ పాలిటెక్నిక్‌లో పరీక్షకుని పనియు అతనికుండెను. గంటలకొలది సాగు ఆ పరీక్షలు శరీరమును కృశింపజేయుచుండుటచే ఆ పనిని వదలుకొనెను. కాంతిపై చేయుచున్న పరిశోధనలను గూడ చాలవరకు నిలిపివేసెను. దీపస్తంభముల పనిని మాత్రము విడువలేదు. మిగిలిన స్వల్పశక్తి నంతయు దానికే ధారపోసెను.

1825 ఫిబ్రవరిలో డంకర్క్ రేవున, అన్ని దిక్కులకు సమముగా వెలుగునిచ్చు స్థిరమైన కటకము వెలిగెను. ఆ సంవత్సరముననే ఫ్రాన్సు తీరమంతటికి దీపస్తంభముల పథకము ఆమోదింపబడెను. 51 దీపస్తంభములు, వాటికి తోడు రేవులందు చిన్న దీపములు అందు ఉండెను. దూరమునకు కనిపింపవలసిన దీపమునకు పెద్ద కటకము, రేవుదీపమునకు చిన్న కటకము ఉండునట్లు వాటిని తరగతులుగా విభజించెను. కొన్ని దీపములు స్థిరముగా వెలుగును. కొన్ని నియమిత కాలమునకు తళుక్కుమనును. నావికుడు వెలుగును చూచినంతనే అది ఏ స్తంభమో, తానెచ్చట నున్నాడో గుర్తింపగలుగును. వెలుగునకు ఒక భాష ఏర్పడెను.

ఆ పథకము పూర్తియగుటను చూచు భాగ్యము ఫ్రెనెల్‌కు లేకపోయెను. 1827 వేసవిలో అతనిని పారిస్ సమీపమున విల్ దావ్రే అను గ్రామమునకు చేర్చిరి. లండను రాయల్ సొసైటీవారు అతనికి రంఫర్డ్ పతకమును ప్రకటించియుండిరి. దానిని అందజేయుటకు అరాగో వచ్చెను. అప్పటికే రోగి మాటలాడుటకు శక్తి లేక యుండెను. మరణమునకు అతడు భయపడలేదు. ప్రజలకు ఉపయోగపడు పనులు ఇంకను అనేకము మిగిలియుండగా పోవలసి వచ్చెనని మాత్రము విచారించెను. పతకము అందిన ఎనిమిదవ దినమున, 1827 జూలై 14వ తేదీన, తల్లి చెంతనుండగా ఫ్రెనెల్ కన్ను మూసెను.

అతని సోదరుడు లియొనార్ ఆ పదవిని స్వీకరించి అన్న ప్రారంభించిన పనిని కొనసాగించెను. స్కాట్లండు, అమెరికా మొదలైన దేశములవారు ఫ్రెనెల్ కటకములను తమ తీరములందు నెలకొల్పిరి. తేనెబొట్టుతో మొదలైన విద్య లోకములోని సముద్రతీరములకు వ్యాపించెను.

ఫ్రెనెల్ మరణించిన కాలముననే ఫ్రాన్సు దేశమున నీప్స్ అను నతడు కాంతిచేతనే చిత్రమును నిలుపు ప్రయత్నమున మొదటి ఫలితములను పొందుచుండెను. 1839లో డాగేర్ ఛాయాచిత్ర విధానమును శాస్త్రపరిషత్తునకు ప్రకటించినవాడు ఫ్రెనెల్ మిత్రుడైన అరాగోయే. తరువాతి కాలమున ఛాయాచిత్రకారులు దీపస్తంభములను, వాటి గాజుయంత్రములను, వాటిని కాపాడు పనివారిని చిత్రించిరి. ఫ్రెనెల్ ఛాయాచిత్రము మాత్రము లేదు. కాంతికి జీవితమును అర్పించిన ఆ మహనీయుని రూపమును కాంతి చిత్రింపక మునుపే అతడు గతించెను.

1889లో పూర్తియైన ఈఫిల్ గోపురముపై చెక్కిన 72 మంది శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లలో ఫ్రెనెల్ పేరును, అరాగో పేరును కలవు. కోర్డువాన్ స్తంభము నేటికిని వెలుగుచున్నది. 2021లో అది ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినది. నావికులకు దారిచూపుటకు కొత్త సాధనములు వచ్చినను, ఫ్రెనెల్ కనుగొన్న కటకము అనేక విధములైన దీపములందు ఉపయోగపడుచునే యున్నది. తన్ను ఎన్నడును చూడనివారి ప్రాణములను కాపాడుటకై తన ప్రాణమును లెక్కసేయని ఫ్రెనెల్ చరిత్ర చిరస్మరణీయము.